స్టాంపు, డై కలిపి వచ్చే సెట్టు కొనాలా, విడివిడిగా కొనుక్కోవాలా? చేత్తో కార్డులు చేసేవాళ్ళకి నా సలహా

పోయిన మాఘమాసంలో మా అమ్మమ్మకి సహస్ర చంద్ర దర్శనం చేశాం. దగ్గరవాళ్ళని పిలవడానికి 24 కార్డులు, రిటర్న్ గిఫ్ట్ సంచులకి 60 ట్యాగులు, ఫంక్షన్ అయ్యాక ఇవ్వడానికి ఇంకో 30 థాంక్యూ కార్డులు, అన్నీ ఒకే ఇంటి పిల్లల్లా కనిపించాలని మా పిన్ని అంది, చేసేది నేను. అప్పటిదాకా నేను పుట్టినరోజుకో పెళ్ళిరోజుకో ఒక్కో కార్డు చేసుకునేదాన్ని, ఒక్క కార్డుకి ఏ స్టాంపు (ఇంకు అద్ది బొమ్మ వేసే అచ్చు) వాడినా ఏ రంగు వేసినా పక్కన పెట్టి పోల్చేవాళ్ళు ఎవరూ ఉండరు కదా. అదే 24 కార్డులు టేబుల్ మీద వరసగా పేర్చామంటే ఒకదాంట్లో పువ్వు అర సెంటీమీటర్ పక్కకి జరిగినా, ఇంకోదాంట్లో ఎరుపు కొంచెం ముదిరినా వెంటనే కంటికి తగుల్తుంది. అప్పట్నుంచి తెలిసినవాళ్ళు శ్రీమంతానికో గృహప్రవేశానికో ఇలాంటి సెట్ చేద్దామనుకున్నప్పుడల్లా నన్ను అడుగుతున్నారు, అందరిదీ ఇంచుమించు ఒకే ప్రశ్న, స్టాంపూ దానికి సరిపోయే డై (కాగితాన్ని ఆ ఆకారంలో కట్ చేసే లోహపు అచ్చు) కలిపి అమ్మే సెట్టు కొనాలా, విడివిడిగా తీసుకోవాలా, డైని నొక్కి కట్ చేసే మెషిన్ ఏది మంచిది అని.

నా మాట ముందే చెప్పేస్తాను. కార్డులు ఒకదానితో ఒకటి కలిసేది మనం మ్యాచింగ్ సెట్టు కొన్నందుకు కాదండి. అన్నిటికీ ఒకే సైజు, మూడే రంగులు, ఒకే రకం అక్షరాలు ఉంటే చాలు, స్టాంపులు నాలుగు చోట్ల నుంచి తెచ్చినవైనా కలిసిపోతాయి. ఇవి మూడూ లేకపోతే ఎంత ఖరీదైన సెట్టు కొన్నా దేనికదే ఉంటుంది. అందుకని మొదటి డబ్బులు పెట్టాల్సింది చేత్తో తిప్పే ఒక మాన్యువల్ మెషిన్ మీద, ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయే మామూలు దీర్ఘచతురస్రాల డైల సెట్టు మీద, ఒక మంచి అక్షరాల స్టాంపు మీద. బొమ్మ స్టాంపులకి జత డైలు ఆ తర్వాత.

జత సెట్టు ఎప్పుడు పనికొస్తుంది

లాన్ ఫాన్, ఆల్టెన్యూ, సైమన్ సేస్ స్టాంప్ లాంటి కంపెనీలవాళ్ళు ఒక స్టాంపుల షీటు చేసి, అందులో ప్రతి బొమ్మ అంచు వెంబడే కట్ చేసే డై కూడా చేస్తారు. బొమ్మ చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల తెల్ల అంచు వదిలి కట్ అవుతుంది, ఆ అంచే దానికి అందం. స్టాంపింగ్ అప్ వాళ్ళు ఇంకో మెట్టు ఎక్కి ఇంకు ప్యాడ్, కార్డ్‌స్టాక్ (కార్డులకి వాడే మందం కాగితం), రిబ్బన్ కూడా ఒకే రంగు పేరుతో అమ్ముతారు, 1988లో అమెరికాలో మొదలైన కంపెనీ అది, రంగు కలుస్తుందా లేదా అన్న బెంగే ఉండదు, కాకపోతే ఆ కుటుంబంలో ఒకసారి అడుగుపెడితే ప్రతిదీ అక్కడే కొనాల్సొస్తుంది.

జత డై కొనాలా వద్దా అని నేను లెక్కేసుకునేది ఇలాగ. ఆ బొమ్మని కత్తెరతో కట్ చేయడానికి ఎంతసేపు పడుతుంది, అలాంటివి ఎన్ని కావాలి. నాకు ఒక చామంతి పువ్వు రేకుల చుట్టూ శుభ్రంగా తిప్పి కట్ చేయడానికి ఆరేడు నిమిషాలు పట్టింది. ఐదు పువ్వులైతే అరగంట, రాత్రి కూర్చుని చేసేయొచ్చు. కార్డుకి మూడు చొప్పున 24 కార్డులంటే 72 పువ్వులు, అంటే ఏడెనిమిది గంటలు కత్తెర పట్టుకోవాలి, పైగా ఇరవయ్యో పువ్వు దాటాక చెయ్యి అలిసి అంచులు ఒకదానికీ ఒకదానికీ పోలిక ఉండదు. అక్కడ జత డై కొనడం న్యాయం. కుండ, అరటాకు, దీపం లాంటి సాదా ఆకారాలైతే కత్తెరే చాలు. బొమ్మ గుండ్రంగా ఒద్దికగా ఉంటే దాన్ని ఒక వృత్తం డైలోనో అండాకారం డైలోనో కూర్చోబెడితే ఇంకా నిండుగా ఉంటుంది, ఆ వృత్తం డై రేపు ట్యాగుకీ పనికొస్తుంది, ఎల్లుండి ఇంకెవరి కార్డుకో పనికొస్తుంది. చామంతి డై చామంతికి తప్ప దేనికీ రాదు కదా.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి, జత డై చేతిలో ఉన్నా స్టాంపు వేశాక డైని దాని మీద కంటితో సరిపెట్టాలి, కొంచెం జరిగితే తెల్ల అంచు ఒక పక్క లావుగా ఒక పక్క సన్నగా వస్తుంది. ఎక్కువ సంఖ్యలో చేసేటప్పుడు నేను దీన్ని తిరగేసి చేస్తాను. ముందు డైతో ఖాళీ ఆకారాలన్నీ కట్ చేసుకుంటాను. అవి కట్ అయ్యాక మిగిలిన చిల్లు కాగితం ఉంటుంది చూడండి, దాన్ని స్టాంపు ప్లాట్‌ఫామ్‌లో (స్టాంపుని ప్రతిసారీ ఒకే చోట నొక్కే మూత ఉన్న పెట్టె) టేపుతో కదలకుండా అంటించి, ఆ చిల్లులో ఒక ముక్క పెట్టి, దాని మీద స్టాంపుని ఒక్కసారి సరిగ్గా సర్ది మూత వేస్తే స్టాంపు మూతకి అంటుకుంటుంది. ఇంక అక్కడ్నుంచి ముక్క పెట్టడం, ఇంకు అద్దడం, మూత నొక్కడం, తీయడం, అంతే. 72 పువ్వులూ ఒకే అచ్చు. మిస్టీ అనే పనిముట్టు ఈ పనికే పేరుపడింది, టిమ్ హోల్ట్జ్ ప్లాట్‌ఫామ్ కూడా అదే పని చేస్తుంది. సెట్లు చేసేవాళ్ళు రెండో బొమ్మ స్టాంపు కొనే ముందు ఇది కొనుక్కోండి అని గట్టిగా చెప్తాను. ఇంకు సరిగ్గా పడకపోతే అదే చోట రెండోసారి నొక్కొచ్చు, ఈ ఒక్క సదుపాయంతో నాకు పాడైపోయే కాగితాలు సగానికి సగం తగ్గాయి.

మెషిన్ సంగతి

మాన్యువల్ మెషిన్ అంటే పక్కన పిడి తిప్పితే డైనీ కాగితాన్నీ మధ్యలో పెట్టిన ప్లేట్లు రెండు రోలర్ల మధ్య నుంచి వెళ్ళేది. సిజిక్స్ బిగ్ షాట్, స్పెల్‌బైండర్స్ ప్లాటినమ్ 6 ఇలాంటివి, 6 అంగుళాల వెడల్పు నోరు ఉంటుంది, ఎ5 కాగితం 148 మిల్లీమీటర్లు కాబట్టి అది కూడా దూరుతుంది, కార్డులకి ఇంతకంటే పెద్దది అక్కర్లేదు. సిజిక్స్ సైడ్‌కిక్ లాంటి బుల్లివి ముద్దుగా ఉంటాయి, కానీ రెండున్నర అంగుళాల వెడల్పు వరకే పడుతుంది, కార్డు సైజు దీర్ఘచతురస్రం డై అందులో పట్టదు, అందుకని ట్యాగులు మాత్రమే చేసేవాళ్ళు తప్ప తీసుకోవద్దు. జెమిని లాంటివి కరెంటుతో నడుస్తాయి, భుజం నొప్పి, కీళ్ళనొప్పులు ఉన్నవాళ్ళకి నిజంగా మేలు, మా పెద్దత్తయ్యకి అదే తీసుకోమని చెప్పాను.

క్రికట్, సిల్హౌట్ కామియో వేరే జాతి. వాటికి డైలు ఉండవు, కంప్యూటర్‌లో గీసిన గీత వెంబడి బ్లేడు కట్ చేస్తుంది. డై కొనే ఖర్చు లేకుండా ఏ ఆకారమైనా వస్తుంది అని అందరూ అటు మొగ్గుతారు. నిజమే, కానీ స్టాంపు వేసిన బొమ్మ చుట్టూ కట్ చేయడం వీటితో సులువు కాదు, ఎందుకంటే మీరు చేత్తో ఎక్కడ స్టాంపు వేశారో ఆ మెషిన్‌కి తెలియదు. ఆ పనికి బ్రదర్ వాళ్ళ స్కాన్ ఎన్ కట్ ఉంది, అది కాగితాన్ని స్కాన్ చేసుకుని బొమ్మ అంచు తనే పట్టుకుంటుంది. మీ దగ్గర ఇరవై ముప్పై స్టాంపులు ముందే ఉండి ఒక్కదానికీ డైలు లేకపోతే, ఒక్కోదానికి డై వెతుక్కునే బదులు స్కాన్ ఎన్ కట్ తీసుకోవడంలో అర్థం ఉంది. అదీ కాక మాన్యువల్ మెషిన్‌లో ఎంబాసింగ్ ఫోల్డర్ పెట్టి కాగితం మీద ఉబ్బు డిజైన్ తీయొచ్చు, బ్లేడు మెషిన్లలో అది కుదరదు. అంచు నాణ్యత కూడా చెప్పాలి, డై ఒక్క నొక్కుతో కట్ చేస్తుంది కాబట్టి అంచు నున్నగా ఉంటుంది, మందం కాగితం మీద బ్లేడు లాక్కుంటూ పోతే సన్నని మూలల్లో పీచు లేస్తుంది.

కాబట్టి మొదటి మెషిన్‌గా నా ఓటు 6 అంగుళాల మాన్యువల్‌కే. ధరలు ఇక్కడ వేయట్లేదు, నెలనెలా మారుతున్నాయి, కానీ పల్చటి లోహపు డైలు మాత్రం ఏ కంపెనీవైనా, వెడల్పు పడితే చాలు, ఏ మాన్యువల్ మెషిన్‌లోనైనా నడుస్తాయి. ప్లేట్ల మందం మాత్రం కంపెనీకొకలా ఉంటుంది, ఒకరి ప్లేటు ఇంకొకరి మెషిన్‌లో బలవంతంగా తోయకండి. ప్లేట్లు కట్ అయ్యేకొద్దీ ఒంగుతాయి, ప్రతిసారీ తిరగేసి వాడితే చదునుగా ఉంటాయి. దీర్ఘచతురస్రం డైని కొంచెం ఏటవాలుగా పెట్టండి, పొడుగు అంచు మొత్తం ఒక్కసారే రోలర్ కిందకి వెళ్తే పిడి బిగుసుకుపోతుంది. లేస్ లాంటి సన్న డిజైన్లయితే డైకీ కాగితానికీ మధ్య ఒక బేకింగ్ పేపర్ ముక్క పెడితే కాగితం డైలో ఇరుక్కోకుండా ఊడొస్తుంది. పిడి తిప్పేటప్పుడు పటపటమని చప్పుడొస్తుంది, కొత్తలో నేను కంగారు పడ్డాను, అది మామూలే.

అమెరికా నుంచి ఎవరైనా వస్తుంటే స్టాంపులు, డైలు తెప్పించుకోండి, పల్చగా ఉంటాయి సూట్‌కేసులో తెలియను కూడా తెలియవు. మెషిన్ బరువు, అది ఇక్కడే కొనుక్కోవడం నయం. ఎంబాసింగ్ హీట్ గన్ (ఇంకు మీద చల్లిన పౌడర్‌ని కరిగించి ఉబ్బు అక్షరాలు తెప్పించే వేడిగాలి పనిముట్టు) అక్కడిది అస్సలు తెప్పించొద్దు, అక్కడి 120 వోల్టుల కోసం చేసింది మన 230లో పెడితే కాలిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే పెద్ద హీట్ గన్ కూడా వద్దు, దాని గాలికి పౌడర్ కాస్తా ఎగిరిపోతుంది.

సైజు దగ్గర ఒక చిక్కు ఉంది

ఇది చాలామంది చూసుకోరు, నేనూ చూసుకోలేదు. ఈ స్టాంపులు, డైలు చాలావరకు అమెరికన్ ఎ2 కార్డు కొలతకి చేస్తారు, అంటే 4.25 బై 5.5 అంగుళాలు, మన లెక్కలో సుమారు 108 బై 140 మిల్లీమీటర్లు. వాళ్ళ లెటర్ సైజు కాగితాన్ని సగానికి కోసి మడిస్తే సరిగ్గా అదే వస్తుంది, కాగితానికి రెండు కార్డులు. మనకి దొరికేది ఎ4. ఎ4ని సగం చేసి మడిస్తే 105 బై 148, అది ఎ6, దానికి సి6 కవరు సరిపోతుంది. మన కార్డు వాళ్ళదాని కంటే 3 మిల్లీమీటర్లు సన్నం, 8 మిల్లీమీటర్లు పొడవు అన్నమాట. మూడు మిల్లీమీటర్లే కదా అనుకోకండి, నేను తెప్పించిన బ్యాక్‌గ్రౌండ్ డై కార్డు అంచు దాటిపోయి రెండు పక్కలా డిజైన్ తెగిపోయింది. పోనీ ఎ4లోంచే ఎ2 కార్డు తీద్దామా అంటే ఒక్కటే వస్తుంది, ఎ4 వెడల్పు 210, రెండు రావాలంటే 216 కావాలి. 24 కార్డులకి 12 షీట్ల బదులు 24 షీట్లు.

నేను చేసిన సర్దుబాటు ఏంటంటే కార్డు ఎ6లోనే ఉంచి, ముందువైపు అంటించే ప్యానెల్ మాత్రం 4 బై 5.25 అంగుళాల డైతో తీశాను, అది 102 బై 133, ఎ6 మీద చుట్టూ అంచు వదిలి చక్కగా కూర్చుంటుంది, పైన కింద కొంచెం ఎక్కువ అంచు వచ్చింది అది బాగానే ఉంది. ఆ ప్యానెల్ డై ఒక్కటే పిలుపు కార్డుకి, థాంక్యూ కార్డుకి వాడాను, దాని లోపలి చిన్న సైజు డై ట్యాగులకి వాడాను, అన్నీ ఒకే కొలతల కుటుంబం అవ్వడంతో వేరే ఏమీ చేయకుండానే కలిసిపోయాయి. అమెరికాలో ఉండి ఇవి చేసేవాళ్ళకి ఈ బాధ లేదు, హాయిగా ఎ2 చేసుకోండి.

కాగితం, ఇంకు

కార్డు అడుగుకి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) దాకా, పైన అంటించేవాటికి 200–220 చాలు. అమెరికాలో ఉన్నవాళ్ళు ఒకటి గమనించండి, 110 పౌండ్ల కవర్ (ఇది కాగితం రకం పేరు, ఉత్తరం కవరు కాదు) అంటే దాదాపు 300 జీఎస్‌ఎం, 110 పౌండ్ల ఇండెక్స్ అంటే 200 మాత్రమే, రెండిటి మీదా 110 అనే ఉంటుంది, ఇండెక్స్ కొంటే కార్డు నిలబడదు. నీనా సోలార్ వైట్ అనే కార్డ్‌స్టాక్ 80 పౌండ్లు పై పొరలకి, 110 పౌండ్లు అడుగుకి, అక్కడ కార్డులు చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది అదే.

ఇక్కడైతే హైదరాబాద్ ఛత్తా బజార్ లాంటి పెళ్ళికార్డుల ప్రింటింగ్ ఉన్న చోట మందం కాగితాలు రకరకాలు దొరుకుతాయి, షీట్ల లెక్కన తెచ్చుకోవచ్చు. కానీ మెరిసే ఆర్ట్ కార్డ్ జోలికి పోకండి, దాని మీద పూత ఉంటుంది, ఇంకు లోపలికి ఇంకదు, గంట తర్వాత వేలు తగిలినా అలుక్కుపోతుంది. తడి వేలు కాగితం మీద పెట్టి చూస్తే తెలిసిపోతుంది, తడి పీల్చుకుంటే తీసుకోండి, బొట్టులా పైనే నిలిస్తే వద్దు. సంగనేరు, పాండిచ్చేరి చేతి కాగితాలు నాకు ప్రాణం, కానీ వాటిల్లో పీచు పొడవు, సన్న డైలు పూర్తిగా కట్ చేయవు, గరుకు మీద స్టాంపు గీతలు తెగిపోతాయి. అందుకని వాటిని చేత్తో చింపి ప్యానెల్ వెనక పొరగా పెట్టాను, అంచు చింపినట్టు ఉంటేనే అందం దానికి. మడత పెట్టే ముందు గీత నొక్కుకోవడం మర్చిపోకండి, నొక్కినప్పుడు వెనక లేచిన ఉబ్బు మడత లోపలికి రావాలి, అప్పుడు పగలదు.

ఇంకు ఏది కొనాలన్నది మీరు రంగులు దేంతో వేస్తారన్నదాన్ని బట్టే ఉంటుంది, తలకిందులుగా కొంటే బాధ. కోపిక్, ఒహుహు లాంటి ఆల్కహాల్ మార్కర్లయితే గీతకి మెమెంటో నలుపు, అది డై ఇంకు (డై అంటే రంగు, కట్ చేసే డై కాదు), మార్కర్‌కి చెదరదు, నీళ్ళకి చెదురుతుంది. వాటర్ కలర్స్ అయితే నీళ్ళకి కదలని ఆర్కైవల్ ఇంకు. పౌడర్ వేసి వేడి చేసి ఉబ్బు అక్షరాలు కావాలంటే వెర్సామార్క్ లాంటి జిగట ఇంకు, దాని ముందు కాగితం మీద పల్చటి గుడ్డలో కట్టిన టాల్కమ్ పౌడర్ అద్దితే ఎక్కడపడితే అక్కడ పౌడర్ అంటుకోదు. స్టేజాన్ లాంటి సాల్వెంట్ ఇంకు గాజు, ప్లాస్టిక్ మీద వేయడానికి, కార్డులకి అక్కర్లేదు, దాని క్లీనర్ క్లియర్ (పారదర్శకంగా ఉండే) స్టాంపులని పాడుచేస్తుంది కూడా.

రంగు కార్డ్‌స్టాక్‌కీ ఇంకుకీ జత వెతికి నేను చాలా తిరిగాను, చివరికి వెతకడం మానేసి మొత్తం తెల్ల కాగితమే కొన్నాను. పసుపు, కుంకుమ, అరటాకు పచ్చ, మూడే ఇంకు ప్యాడ్లు. పువ్వు స్టాంపు వేసిన పసుపు ప్యాడ్‌నే మెత్తటి బ్రష్‌తో తెల్ల కాగితం మీద రుద్ది, ఆ కాగితంలోంచే ట్యాగులు కట్ చేశాను. రంగు కలవకపోవడం అన్న ప్రశ్నే లేదు ఇంక, రెండూ ఒకే ప్యాడ్‌లోంచి వచ్చినవే కదా. డిస్ట్రెస్ ఇంకులు ఇలా రుద్దడానికి బాగా కుదురుతాయి.

స్టాంపుల రకం గురించి కొంచెం. క్లియర్ ఫోటోపాలిమర్ అయితే కింద ఎక్కడ పడుతుందో కనిపిస్తుంది, మొదలుపెట్టేవాళ్ళకి అదే మంచిది, కాలం గడిస్తే పసుపెక్కుతుంది కానీ పని మానదు, ఎండలో మాత్రం పెట్టకండి. ఎర్ర రబ్బరు గీత ఇంకా పదునుగా వస్తుంది, ఏళ్ళు మన్నుతుంది. చౌకగా దొరికే సిలికాన్ స్టాంపులు వద్దు, ఇంకు వాటి మీద బొట్లు బొట్లుగా విడిపోతుంది. కొత్త ఫోటోపాలిమర్ మీద కూడా మొదట్లో అలా అవుతుంది, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే సర్దుకుంటుంది.

తెలుగు అక్షరాలు

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. బయట దొరికే అక్షరాల స్టాంపులన్నీ హ్యాపీ బర్త్‌డే, థాంక్యూ. అమ్మమ్మ వేడుకకి ఇంగ్లీషులో పిలుపు ఎలా పంపిస్తాం? ఆఫీసు సీళ్ళు చేసే షాపులో తెలుగు స్టాంపు చేయించొచ్చు, పిడి, ఇంకు డబ్బా ఏమీ వద్దు ఉత్త పాలిమర్ ముక్క ఇవ్వండి అని అడిగి, ఇంటికొచ్చి అక్రిలిక్ బ్లాక్‌కి (స్టాంపు పట్టుకోవడానికి వాడే పారదర్శక దిమ్మ) డబుల్ టేపుతో అంటించుకోవచ్చు. మ్యాటర్ ఫోన్లో టైప్ చేసి పంపకండి, చాలా షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) పని చేస్తారు, మన యూనికోడ్ తెలుగు వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో పెడితే అక్షరాలు విరిగిపోతాయి, నాకు మొదటిసారి వత్తు ఒక చోట అక్షరం ఒక చోట వచ్చింది, స్టాంపు అయిపోయాక చూసి ఏం లాభం. మీరే డిజైన్ చేసి పీడీఎఫ్ ఇవ్వండి, అక్షరాలని గీతలుగా మార్చి. ఫాంటు రామభద్ర లాంటి లావుది ఎంచుకోండి, ఉచితంగానే దొరుకుతుంది. మండలి లాంటి సన్నవి చదవడానికి హాయి కానీ స్టాంపుగా గీత తేలిపోతుంది. అక్షరం ఎత్తు 6 మిల్లీమీటర్ల కంటే తగ్గించినప్పుడు నాకు 'ఘ' కడుపులో, వత్తుల సందుల్లో ఇంకు నిండిపోయింది.

స్టాంపు కాకుండా అక్షరాలనే కాగితంలో కట్ చేసి అంటించాలని ఉంటే మాత్రం అక్కడ క్రికట్, కామియోలదే పైచేయి, ఎందుకంటే తెలుగు డైలు నాకు దుకాణాల్లో ఎక్కడా కనపడలేదు. కానీ 'అమ్మమ్మ' అన్న ఒక్క మాటలోనే రెండు మ వత్తులు కిందన విడిగా వేలాడుతుంటాయి, కట్ చేస్తే అవి విడి ముక్కలై ఊడిపోతాయి, ఒక్కొక్కటి పట్టకారుతో అంటించుకుంటూ కూర్చోవాలి. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో మాట చుట్టూ రెండు మిల్లీమీటర్ల నీడ గీత తీసి అది ఒక రంగులో, అక్షరాలు ఇంకో రంగులో కట్ చేసి ఆ నీడ మీద అంటిస్తే వత్తులకి చోటు దొరుకుతుంది. ఒక కార్డుకైతే ఈ పని ఆనందంగా ఉంటుంది. 24కి నేను స్టాంపే వాడాను, ఆ నీడ అక్షరాలు మాత్రం ఒక్కటే చేశాను, అమ్మమ్మకి స్వయంగా ఇచ్చిన కార్డు మీద, తన పేరుతో.

పోస్టులో పంపేవి ఉంటే ఫోమ్ టేపు (ప్యానెల్‌ని ఎత్తుగా నిలబెట్టే మందం టేపు) పొరలు ఒకటికి మించనివ్వకండి, అమెరికాలో కవరు పావు అంగుళం దాటితే లెటర్ రేటుకి వెళ్ళదు, చదరం కవర్లకి కూడా అక్కడ ఎక్కువ తీసుకుంటారు. ఇక్కడ బరువు లెక్క, వంటింట్లో త్రాసు ఉంటే ఒక కార్డు పూర్తిగా తయారుచేసి కవరుతో సహా తూచి చూసి, ఆ తర్వాతే మిగతా 23 మొదలుపెట్టండి.